ఒకటో మేకు మీది దారం

సారు పోయారని కోరుట్ల నుంచి వాళ్ల బిడ్డ ఫోను చేసినప్పుడు నేను షెడ్డులో కండెలు చుడుతున్నాను. సాంచెల మోతలో సగం మాటే వినబడింది. బయటికి వచ్చి మళ్లీ చేశాను.

"నాయిన పొద్దుగాల పోయిండు చెల్లె. నీకు ముందుగాల చెప్పుమన్నడు" అంది.

అంతే. ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. లోపలికి వెళ్లి చేతిలో ఉన్న కండె పూర్తిచేశాను. దారం సగంలో వదిలేస్తే తరువాత వచ్చేవాళ్లకు చిక్కుపడుతుంది. తరువాత సేటుకు చెప్పి, వేములవాడ మీదుగా పోయే కోరుట్ల బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాక కోపం వచ్చింది. నాకు ఏడుపు కన్నా ముందు ఎప్పుడూ కోపమే వస్తుంది. ఆ సంగతి మొదట కనిపెట్టిందీ ఆయనే.

మనిషి పోగానే చిరునవ్వు చెరగనివాడని, ఎవరినీ నొప్పించనివాడని రాస్తారు. మా సారుకు ఆ మాటలు అతకవు. ఆయన నవ్వడం తక్కువ. పేజీ మూల మడిచినవాడు ఎంత పెద్దమనిషైనా నిలబెట్టి అడిగేవారు. సిరిసిల్లలో మా వాడకు దగ్గరగా ఉన్న చిన్న లైబ్రరీకి ఆయన లైబ్రేరియన్. అంతకు ముందు జగిత్యాలలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేశారు. ఇల్లు మాత్రం ఎప్పుడూ కోరుట్లే. నేను పదో తరగతి అయ్యాక చదువు మానేసి కండెలు చుట్టడానికి షెడ్డులో చేరినదాన్ని. మా పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: సాంచె అంటే మరమగ్గం. దానిలో అటూ ఇటూ ఎగిరే నాడెలో పెట్టే దారపు పుల్ల కండె. అది అయిపోతే సాంచె ఆగుతుంది. అందుకే నా పని ఆగకూడదు.

ఈ ఇద్దరం కలిసి ఒక పరిశోధన వ్యాసం రాశాం. లైబ్రరీ సైన్సు చదివినవాళ్లు దేశమంతటా చూసే ఒక పత్రికలో అది అచ్చయింది. ఆయన పోయిన బాధ నా ఇంట్లో నేను పడతాను. గెలిచిన సంగతి మాత్రం మీకు చెప్పాలి.

మొదటిసారి ఆయన దగ్గరికి పోయింది కొట్లాటకు. బోర్డు మీద పొద్దున ఎనిమిది గంటలకు తెరుస్తామని రాసి ఉంది. నేను షెడ్డుకు పోయే ముందు అరగంట పేపరు చూద్దామని ఎనిమిదికి పోతే తాళం. రెండో రోజూ తాళమే. మూడో రోజు ఒక బక్కపలచటి మనిషి భుజాన సంచితో, ఆటో దిగి గబగబా నడిచి వచ్చి తాళం తీశారు.

"బోర్డు మీద ఎనిమిదని ఎందుకు రాసిండ్రు సారు? మీ ఇష్టమున్నప్పుడు అని రాసుకోరాదుండ్రి" అన్నాను.

ఆయన నా మొహం చూశారు. బల్ల సొరుగు లాగి ఒక రిజిస్టరు తీసి నా ముందు పెట్టారు. ఫిర్యాదుల రిజిస్టరట. ఒక్క పేజీ కూడా మాసిపోలేదు.

"నా బస్సు లేటు. తప్పు నాదే. రాయి" అన్నారు.

నేను ఊరుకుంటానా? లైబ్రరీ ఎప్పుడూ ఆలస్యంగానే తెరుస్తారని, ఇక్కడ ఎవరికీ బాధ్యత లేదని ఒక పేజీ నింపాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని నింపాదిగా చదివారు.

"ఎప్పుడూ అని రాసినవ్. ఎన్ని దినాలు?"

"మూడు దినాల సంది చూస్తున్న."

"మూడు దినాలకు ఎప్పుడూ అంటరా? ఎవరికీ అని రాసినవ్. ఈడ ఉన్నది నేనొక్కన్నే. నా పేరే రాయి." రిజిస్టరు మళ్లీ నావైపు తిప్పారు. "కోపం మంచిదే బిడ్డా. దానికి తేదీ వెయ్యి."

నాకు ఒళ్లు మండింది. కక్షతో నెలరోజులు రోజూ ఎనిమిదికి వచ్చి గేటు ముందు నిలబడ్డాను. తాళం తీసిన టైము, తేదీ రాశాను. ఆదివారం, పండుగ విడిచిపెట్టాను. ఆయన ప్రతి గీత కింద సంతకం పెట్టారు. రెండో వారం నుంచి ముందు బస్సు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. నెల చివర రిజిస్టరు మొత్తం చూసి, "దీన్ని సర్వే అంటరు. పట్నంల దీనికి డిగ్రీ ఇస్తరు" అన్నారు.

ఆయన బల్ల వెనక ఒక పాత ఇనుప బీరువా ఉండేది. అందులో నవలలు లేవు, పోటీ పరీక్షల పుస్తకాలు లేవు. లావుపాటి ఇంగ్లిషు పత్రికల కట్టలు ఉండేవి. లైబ్రరీలు ఎట్లా నడవాలి, పుస్తకాలు ఎట్లా సర్దాలి, చదివేవాళ్లు ఏం అడుగుతారు అని లోకంలోని లైబ్రేరియన్లు ఒకరికొకరు రాసుకునే పత్రికలవి. జగిత్యాలలో ఆయన పనిచేసిన కాలేజీ వాటిని పాత కాగితాల కింద రద్దీకి వేస్తుంటే, తూకం రాయి పక్కన నిలబడి ఒక్కొక్క కట్ట వెనక్కి లాక్కున్నారట. అట్టలు ఊడినవాటిని గోనెదబ్బనంతో ఆయనే కుట్టారు. ఆ కుట్టు చూసి నవ్వాను. మా వాడలో చిన్న పిల్లలు అంతకన్నా బాగా కుడతారు.

"నవ్వుడు గాదు, చదువు" అని ఒకటి చేతిలో పెట్టారు.

మొదటి పేజీకి నాకు వారం పట్టింది. పక్కన డిక్షనరీ. ఒక్కో మాటకు అర్థం రాసుకుంటూ పోతే మాటలన్నీ తెలిశాయి కానీ వాక్యం తెలియలేదు. పోయి ఆయన మీద పడ్డాను. ఆయన ఒక కాగితం తీసి, ఆ వ్యాసాలన్నిటి కీలు చెప్పారు.

"ముందుగాల ఏం అడుగుతున్నవో చెప్పాలె. ఎనక ఎట్ల చూసినవో చెప్పాలె. ఎనక ఏం దొరికిందో చెప్పాలె. ఆఖరికి నీకు ఏం తెల్వదో అది సుత చెప్పాలె. గా ఆఖరిది చెప్పనోడు దొంగ."

ఆ తరువాత నేను ఏది చదివినా ఆఖరి ముక్క నుంచి మొదలుపెట్టేదాన్ని. తెలియదని రాసినవాడిని నమ్మేదాన్ని. ఆ బీరువా మొత్తం అట్లాగే చదివాను, అర్థమైనంత. యూనివర్సిటీ పిల్లలు లైబ్రరీ ఎట్లా వాడతారు, పరిశోధకులు ఎట్లా వాడతారు, డాక్టర్లు ఎట్లా వాడతారు. అందరూ ఉన్నారు. ఒకరోజు కట్ట తెచ్చి బల్ల మీద పడేశాను.

"గిన్నిట్ల మా గురించి ఒక్క ముక్క లేదు సారు. సాంచెలోడు చదవడా? బీడీలు చేసేటామె చదవదా?"

ఆయన తల ఎత్తకుండా పుస్తకాల మీద నంబర్లు వేస్తూనే ఉన్నారు. "మీరు రాయలే గాబట్టి లేదు. రాయి."

అట్లా మొదలైంది. మా లైబ్రరీకి షెడ్డు పనివాళ్లు ఎంతమంది వస్తున్నారో, ఏం చదువుతున్నారో రాయాలనుకున్నాం. లెక్క నాది, కూర్పు ఆయనది. మా సాంచెల దగ్గర పన్నెండు గంటల షిఫ్టులు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. లైబ్రరీ పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. నేను పొద్దున కొంచెంసేపు, షెడ్డులో చెప్పుకొని సాయంత్రం కొంచెంసేపు వచ్చి కూర్చున్నవాళ్లను రాసేదాన్ని. కుర్చీల వెనక నంబర్లు ఉండేవి. నాలుగో కుర్చీ పొద్దున, వ్యవసాయం పుస్తకం. ఆరో కుర్చీ సాయంత్రం, పేపరు, కథలు. కొన్ని నెలలు ఒక్కరోజు తప్పకుండా రాశాను. లెక్క పెద్దదైంది. ఎవరూ రారనుకున్న లైబ్రరీకి ఇంతమంది వస్తున్నారు, కుర్చీలు చాలడం లేదు, ఇంకా కుర్చీలు కావాలని ముగించాం.

పత్రికకు పంపితే మొదట వచ్చిన అడ్డంకి ఒక చిన్న గడి. రాసినవాళ్ల సంస్థ పేరేమిటని. ఆయనకు లైబ్రరీ ఉంది. నాకేముంది? ఆయన నా పేరు పక్కన 'కండెలు చుట్టే కార్మికురాలు, సిరిసిల్ల' అని ఇంగ్లిషులో రాసి పంపారు. పత్రికవాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. ఆమె పేరు చివర కృతజ్ఞతల్లో వేద్దామా అని అడిగారు. సారు ఆ ఉత్తరం నాకు చూపించి, నా ముందే జవాబు రాశారు. కృతజ్ఞత ఆమెకు చెప్పాల్సింది నేను, ఆమె ఈ వ్యాసం రాసిన మనిషి అని. రాసి, నావైపు తిరిగి, "వంట వండినామెను పట్టుకొని వంటకు సాయపడ్డవు, థాంక్స్ అంటే ఎట్లుంటది?" అన్నారు.

వాళ్లు ఒప్పుకున్నారు. వ్యాసం తీసుకున్నారు. అచ్చుకు ముందు ఆఖరిసారి సరిచూడమని పేజీలు పంపారు. నా పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, కింద నా పని. ఆ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకొని షెడ్డుకు పోయాను. మీరు నవ్వినా సరే.

ఆ రోజు టీ తాగేటప్పుడు మల్లేశం కాకకు చదివి వినిపించాను. ఎనిమిది సాంచెలు ఒక్కడే నడిపే మనిషి. మా లైబ్రరీలో నాలుగో కుర్చీ ఆయనదే. నేను తెలుగులో చెబుతూ పోతుంటే మధ్యలో ఆపాడు.

"ఆగు పొల్లా. పొద్దున నాలుగో కుర్చీల కూసున్నది ఎవరు?"

"నువ్వే కాక."

"సాయంత్రం ఆరో కుర్చీల?"

కాగితం మీద ఆరో కుర్చీ ఎక్కడుందో వెతికాను.

"రాత్రి డ్యూటీ వారం పొద్దున దిగంగనే అస్త. పండుకొని లేసి, డ్యూటీ ఎక్కేముందు మల్లొకపాలి అస్త. గది సుత నేనే. నన్ను ఇద్దర్ని చేసినవ్. మీ చిన్నమ్మ ఒక్కనితోటే ఏగలేకపోతాంది."

అందరూ నవ్వారు. నేను తప్ప.

ఎందుకట్లా రాశానో నాకు తెలుసు. షెడ్డులో నేను రాసే పుస్తకం అట్లాగే ఉంటుంది. మూడో సాంచె పగలు, మూడో సాంచె రాత్రి, ఇన్ని కండెలు. మనిషి పేరు రాయం. మనిషి మారతాడు, సాంచె మారదు. సేటుకు కావలసింది సాంచె లెక్క. అదే చేతితో లైబ్రరీకి వచ్చి కుర్చీలను సాంచెల్లాగా రాశాను. మనుషులను లెక్కపెట్టని సేటు మీద ఇన్నేళ్లుగా మండిపడే నేను, నాకు పెన్ను దొరకగానే అదే పని చేశాను.

మరుసటి రోజు సారుకు చెప్పాను. చెప్పకపోయినా నడిచేది. పత్రికవాళ్లకు తెలియదు, కాకకు పట్టింపు లేదు. సారు మొత్తం విని, కళ్లద్దాలు తుడుచుకొని, వ్యాసం అచ్చు ఆపమని ఉత్తరం రాయడానికి కూర్చున్నారు.

"రెండు లైన్లు మార్చితే అయిపోతది గద సారు" అన్నాను.

"లెక్కనే తప్పయినంక లైన్లు మార్చి ఏంజేస్తవ్?"

"ఎవలికి తెలుస్తది?"

"మనిద్దరికి తెలిసింది. మల్లేశంకు తెలిసింది. ఇంకెంతమంది గావాలె?"

"నా పేరు సారు. నా పేరు అచ్చయితుండె."

ఆయన పెన్ను ఆపారు. ఆ మాట ఆయనకు తగిలిందని నాకు తెలిసింది. అయినా కోపంగా అనలేదు. వాళ్ల నాయిన ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర పనిచేసేవాడట. తూకం తప్పని తెలిస్తే, దింపిన బండిని కూడా మళ్లీ కాటా ఎక్కించేవాడట. అది చెప్పి, "మనం కుర్చీలు కావాలని రాసినం. అడిగితే కుర్చీలే ఇస్తరు బిడ్డా. అండ్ల ఎవరు కూసుంటరు?" అన్నారు.

నేను వినలేదు. నానా మాటలు అన్నాను. మీకేం సారు, మీకు నౌకరి ఉంది, మీ పేరు ఎక్కడైనా ఉంటుంది అన్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అన్నాను. తలుపు దడేలుమని వేసి వచ్చేశాను. మూడు నెలలు ఆ వీధి తొక్కలేదు.

ఆ మూడు నెలల్లో ఇంకో పని కూడా చేశాను. మూడు రోజుల్లో అచ్చువేస్తామని మెయిళ్లు పంపే పత్రికలు ఉంటాయి. ఒకదానికి ఆ తప్పు వ్యాసాన్నే నా ఒక్కదాని పేరుతో పంపాను. అన్నం తిని లేచేలోపు జవాబు వచ్చింది. అద్భుతమైన పరిశోధన, వెంటనే ఫీజు కట్టండి అని. అంత తొందరగా పొగిడారంటే ఒక్క అక్షరం చదవలేదన్నమాట. చదవకుండా మెచ్చుకున్నవాణ్ణి చూశాక, చదివి కాదన్న మనిషి విలువ తెలిసింది. ఆ మెయిలు తీసేశాను.

అయినా నన్ను వెనక్కి పంపింది మల్లేశం కాకే. ఆ వారం ఆయనకు పగలు డ్యూటీ. "ఏమున్నది పొల్లా పేపర్ల? నాకు వచ్చేవారం దాకా ఏం తెల్వది" అన్నాడు. నా చేతిలో కండె ఆగింది. రాత్రి డ్యూటీ వారం రోజుకు రెండుసార్లు వచ్చే మనిషి, పగలు డ్యూటీ వారం ఒక్కసారి కూడా రాలేడు. ఎనిమిదింటికి డ్యూటీ దిగితే ఏడింటికే లైబ్రరీకి తాళం. ఆయనే కాదు, సాంచె నడిపే ప్రతి మనిషీ అంతే. నెలలో సగం రోజులు ఆ తలుపు వాళ్లకు మూసే ఉంది. ఇది నా లెక్కలోనే ఉండాల్సింది. కుర్చీలను రాశాను కనుక కనబడలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదికి పోయాను. తలుపు తెరిచే ఉంది. గడప దగ్గరే నిలబడ్డాను. సారు సొరుగులోంచి కొత్త రిజిస్టరు తీశారు. స్కేలుతో గీతలు కొట్టి ఉన్నాయి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. తేదీ గడి, టైము గడి, మనిషి గడి.

"మూడు నెలలైతాంది గీతలు కొట్టవట్టి. ఇంకొంచెం లేటయితే ఇంకో రిజిస్టరు కొందునేమో" అన్నారు.

కానీ మనిషిని రాయాలంటే పేరు కావాలి. పేరంటే అందరూ వెనక్కి తగ్గారు. "పేరు రాస్తే మా సేటు చేతులవడ్తది. నిద్రపోకుంట పుస్తకాలు చదివి సాంచె కాడ తూగుతున్నవంటడు" అన్నాడొకతను. అది నిజమే. అట్లాంటి మాటలు నేనూ విన్నాను. పేరు లేకుండా మనిషిని గుర్తుపట్టాలి. సారు రెండు రోజులు ఆలోచించారు. ఉపాయం నాకే తట్టింది. చీరల ఆర్డరుకు నేసి మిగిలిన రంగు దారాలు షెడ్డులో పడి ఉంటాయి. రెండేసి రంగులు కలిపి పేనితే ఒకటి ఇంకొకదానిలాగా ఉండదు. మనిషికొక దారం. వచ్చినప్పుడు గోడ మీది చెక్కకు కొట్టిన మేకుకు తగిలించాలి, పోయేటప్పుడు తీసుకుపోవాలి. మేకు మీద దారం ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. ఎవరి మేకు నంబరు వాళ్లదే. నేను నంబరు రాసుకుంటాను.

సారు చెక్క తెచ్చి మేకులు కొట్టారు. మొదటి దారం పేనుతుంటే చెయ్యి చాపారు.

"మీకెందుకు సారు?"

"నేను సుత చదువుతనే గద. నన్ను లెక్కల రాయవా?"

ఎరుపు, పసుపు కలిపి పేనిన దారం. ఒకటో మేకు. ఆయన దాన్ని గడియారం పట్టీకి ఉచ్చు వేసుకున్నారు. రోజూ రాగానే తీసి మేకుకు తగిలించేవారు, తాళం వేసే ముందు మళ్లీ పట్టీకి వేసుకునేవారు. మల్లేశం కాక తొమ్మిదో మేకు. దారం సైకిల్ తాళంచెవికి కట్టుకున్నాడు. బీడీలు చేసే ఒకామె మెట్టెకు చుట్టుకుంది. ఒకతను టిఫిను డబ్బా పిడికి.

మళ్లీ మొదటి నుంచి లెక్క. ఈసారి దారాలు నిజం చెప్పాయి. ఒక వారం నిండిన మేకులు మరుసటి వారం ఖాళీ. ఖాళీగా ఉన్నవి నిండేవి. రెండు గుంపుల మనుషులు ఒకరికొకరు ఎదురుపడకుండా ఒకే పుస్తకాలు చదువుతున్నారు. మాకు కుర్చీలు అక్కరలేదు. కావలసింది సాయంత్రం ఏడు తరువాత ఇంకో రెండు గంటలు. వ్యాసం ఆఖర్న మాకు తెలియనివన్నీ రాశాం. మొదటిసారి కుర్చీలను లెక్కపెట్టి ఎట్లా తప్పు చేశామో కూడా రాశాం. అది నా పట్టు. సారు వద్దనలేదు.

పంపేటప్పుడు చూస్తే నా పేరు ముందుంది, ఆయనది తరువాత ఉంది.

"తప్పు పడ్డది సారు."

"పడలే. కండె లేనిది సాంచె నడవది."

ఆ పత్రికల్లో ఒక పద్ధతి ఉంది. వ్యాసాన్ని పేర్లు తీసేసి ఆ చదువు తెలిసిన ఇద్దరికి పంపుతారు. రాసిందెవరో వాళ్లకు తెలియదు, చదివిందెవరో మనకు తెలియదు. ఆ ఇద్దరూ పేజీలకు పేజీలు ప్రశ్నలు వేశారు. ఒకరు నిలదీశారు, దారం ఇంకొకరికి ఇస్తే ఎట్లా తెలుస్తుందని. ఇంకొకరు ఇన్నేళ్లు లైబ్రరీల్లో పనిచేశాను, ఈ ఆలోచన నాకు రాలేదు అని రాశారు. ఇంటిపేరు అడగకుండా, ఏ వాడ అని అడగకుండా నా మాట పూర్తిగా విన్న అధికారులు ఈ లోకంలో ఆ ఇద్దరే. వాళ్లెవరో నాకు ఎప్పటికీ తెలియదు. వాళ్ల ప్రశ్నలన్నిటికీ జవాబు రాశాం.

అచ్చయింది.

ఆ సంచిక వచ్చిన రోజు పొద్దున, రాత్రి డ్యూటీ దిగినవాళ్లంతా ఇంటికి పోకుండా లైబ్రరీకి వచ్చారు. నూనె చేతులతో ముట్టుకోవద్దని నేను అరుస్తుంటే సారు, "ముట్టనీ. ముట్టుడుకే గదా అచ్చేసింది" అన్నారు. అందరికీ ఇంగ్లిషు రాదు, నంబర్లు వచ్చు. వ్యాసంలో ఒక పట్టిక ఉంది, ఏ దారం వాళ్లు ఏం చదివారో. వేళ్లు పెట్టి ఎవరి నంబరు వాళ్లు వెతుక్కున్నారు. మల్లేశం కాక తొమ్మిది దగ్గర ఆగి, "గిది నేనే. ఒక్కన్నే ఉన్న సూడు" అన్నాడు. సారు నవ్వారు. నేను చూసిన సారు నవ్వుల్లో పెద్దది అదే.

తరువాత ఎక్కడి నుంచో ఒక ప్రొఫెసరు ఫోను చేశాడు. వ్యాసం బాగుంది, మీ గైడెవరు, ఏ యూనివర్సిటీ అని. గైడు మల్లేశం కాక, యూనివర్సిటీ షెడ్డు అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ సంచిక పట్టుకొని సారు పై ఆఫీసుకు పోయారు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఒకసారి నేనూ పోయాను. అక్కడొకాయన కావాలంటే కొత్త కుర్చీలు ఇప్పిస్తానన్నాడు. సారు నావైపు చూశారు. నేను సారువైపు చూశాను. "వద్దండి. ఉన్నయి చాలు" అన్నాం ఇద్దరం ఒకేసారి. సారు రిటైరయ్యే నెలలో ఆర్డరు వచ్చింది. రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండాలని. బోర్డు మీద ఏడు చెరిపి తొమ్మిది రాసింది నేనే. స్టూలు ఊగుతుంటే సారు రెండు చేతులతో పట్టుకున్నారు. రంగు చుక్క ఆయన చొక్కా మీద పడింది. ఆ చొక్కా తరువాత కూడా వేసుకొచ్చేవారు.

లెక్క ఎప్పుడో అయిపోయింది. దారాల అలవాటు మాత్రం పోలేదు. కొత్తగా వచ్చిన లైబ్రేరియను కూడా మేకులు పీకించలేదు. పగలు డ్యూటీ వాళ్లు ఎనిమిదింటికి దిగి, టిఫిను డబ్బాలతో నేరుగా వచ్చి దారం తగిలించి కూర్చుంటారు. రిటైరయ్యాక కూడా సారు వారానికి రెండు రోజులు బస్సెక్కి వచ్చేవారు. ఎరుపు, పసుపు దారం గడియారం పట్టీ మీది నుంచి ఒకటో మేకు మీదికి.

కోరుట్లలో నేను దిగేసరికి అంతా అయిపోవచ్చింది. కార్యం ముగిశాక వాళ్ల బిడ్డ నన్ను లోపలికి పిలిచి ఆ గడియారం చేతిలో పెట్టింది. దారం అట్లాగే ఉంది. రంగు కొంచెం మాసింది.

"గా దారమేందో మాకు సమజ్ కాలే చెల్లె. ఆస్పత్రిల నర్సు కత్తిరిస్త అంటే కొట్లాడిండు. నీకే ఇయ్యుమన్నడు" అంది.

చెప్పాను. ఆమె అంతా విని గడియారం ఉంచుకుంది. దారం తీసి నాకిచ్చింది.

మర్నాడు పొద్దున ఎనిమిదికి లైబ్రరీకి పోయి దాన్ని ఒకటో మేకుకు తగిలించాను. తేదీ వేసి రిజిస్టరులో రాశాను: ఒకటో మేకు, ఎనిమిది గంటలు. కాసేపటికి మల్లేశం కాక రాత్రి డ్యూటీ దిగి, కళ్లు నలుపుకుంటూ వచ్చాడు. ఆయనకు ఇంకా కబురు తెలియదు. తొమ్మిదో మేకుకు దారం తగిలిస్తూ పక్కన ఒకటో మేకు చూశాడు. గొంతు తగ్గించాడు, లోపల చదువుకునేవాళ్లు ఉంటే మాట్లాడినట్టు.

"సారు అచ్చిండా?"

చెప్పాలని నోరు తెరిచాను. ఎరుపు, పసుపు దారం ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతూ ఉంది.

"లోపట్నే ఉన్నడు కాక" అన్నాను. "నువ్వు కూసో. చెప్త."